గోదావరి పుట్టింట వానకాలము

వానకాలమున విహారయాత్రకు బయలుదేరువానిని చూచి లోకము నవ్వును. గొడుగొక చేతను సంచి యొక చేతను పట్టుకొని, బురదలో అడుగు తీసి అడుగు వేయుచు నీవు చూడబోవునదేమని అడుగువారికి సమాధానము చెప్పుట కష్టమే. అయినను నాసిక నగరమును చూడదలచినవారు ఆషాఢ శ్రావణములలోనే పోవలెననియు, మాఘ ఫాల్గుణములలో పోవుట ఆ ఊరిని సగమే చూచుట యగుననియు నా మతము. మాఘమున అచట ద్రాక్షతోటలు ఫలభరితములై యుండును. ముంబయి, పుణె నగరముల నుండి వారాంతమునకు వచ్చిన జనము తోటలలో క్రిక్కిఱిసి యుండును. అద్దెగదుల వెలలు ఆకాశమున ఉండును. వచ్చినవారు గుత్తుల ప్రక్కన నిలిచి ఫొటోలు తీయించుకొని మఱలిపోదురు. వాన పడునప్పుడు మాత్రము ఆ నగరము తన అసలు వ్యాపకములో నిమగ్నమై యుండును. వానను కనిపెట్టుకొని యుండుటయే ఆ వ్యాపకము. నది అచట వానను కొలుచును. తోట వానకు వెఱచి ఫలించు కాలమునే మార్చుకొన్నది. కొండలలోని గుహలను పూర్వులు వానను తలచుకొనియే తొలిచిరి.

తెలుగువారికి ఆ దారి చూపునది గోదావరియే. హైదరాబాదు నుండి పోవు దేవగిరి ఎక్స్‌ప్రెస్సు నిజామాబాదు విడిచిన పిమ్మట బాసర వద్ద నదిని దాటి, నాందేడు, పర్భణీ, జాల్నా, ఔరంగాబాదుల మీదుగా మన్మాడు చేరి, మఱునాటి తెల్లవాఱుజామునకు నాసిక్ రోడ్డు స్టేషనులో మనలను దింపును. ఏటికి ఎదురు ప్రయాణమిది. రాజమహేంద్రవరమున రైలువంతెన మీది నుండి ఆవలి యొడ్డు అస్పష్టముగా తోచు అఖండ గోదావరిని చిన్ననాటి నుండి చూచిన కన్నులకు, నాసికలోని రామకుండము వద్ద రాతిమెట్ల నడుమ ఒదిగి పాఱు సన్నని ప్రవాహమును చూపి ఇదియే గోదావరి యన్నచో మొదట నమ్మిక కుదురదు. జన్మస్థానమైన బ్రహ్మగిరి అచటికి ముప్పది కిలోమీటర్ల దూరములోనే త్ర్యంబకమున కలదు. సముద్రమును చేరుటకు ఆమె నడువవలసిన దారి మొత్తము 1,465 కిలోమీటర్లు. పసిపాపగా నున్నప్పుడే ఆమెకు అచటివారు పట్టము కట్టిరి. బృహస్పతి సింహరాశిని ప్రవేశించినప్పుడు మనకు పుష్కరములైనచో వారికి సింహస్థ కుంభమేళా. 2015లో రెండును జూలై 14వ తేదీననే ఆరంభమైనవి, మరల 2027లో రానున్నవి.

రామకుండమున విడిచిన పుష్పము ధవళేశ్వరము చేరునని భావుకులు తలతురు. వినుటకు ఇంపుగా ఉన్న మాటయే గాని నీటి లెక్కలు దానిని ఒప్పుకొనవు. నాసికకు దిగువన నందూరు మధ్యమేశ్వరము వద్ద ఒక కట్ట. అది దాటినచో, శాతవాహనుల ప్రతిష్ఠానపురమైన పైఠణము వద్ద 1976 నుండి జయక్వాడీ జలాశయము నోరు తెఱచుకొని యున్నది. దానిని దాటి వచ్చినదానిని మన పోచంపాడు వద్ద శ్రీరామసాగరము ఆపును. భద్రాచలమున రామాలయపు వీథుల దాక వచ్చి భయపెట్టు వరద ముఖ్యముగా ప్రాణహిత, ఇంద్రావతుల కానుక. నాసికలో మనము చూచు గోదావరి మహారాష్ట్రపు చెఱకుతోటలకును ఉల్లిమడులకును తన సర్వస్వమును ధారవోసి, మన దాక వచ్చుసరికి పేరు మాత్రమే మిగిలించుకొనునది. ఈ సత్యము తెలిసియు నేను రామకుండమున తల తడుపుకొంటిని. తీర్థబుద్ధికి నీటిపారుదలశాఖతో పనిలేదు.

వాన కురియునప్పుడు ఆ నదీతీరమున ఒక వింత కాలక్షేపము చూడవచ్చును. నదీగర్భములో, ఘట్టములకు ఎదురుగా, ఎత్తయిన హనుమద్విగ్రహ మొకటి నిలిచియున్నది. రెండు ముఖములు గలది గనుక దానిని దుతోండ్యా మారుతి యందురు. ఎగువన గంగాపురపు ఆనకట్ట నుండి ఎన్ని క్యూసెక్కులు విడిచినారో పత్రికలు వ్రాయును, అధికారులు ప్రకటింతురు. కాని ఊరివారికి ఆ అంకెలు రుచింపవు. మారుతి పాదములు తడిసినవా, మోకాళ్ళు మునిగినవా, నడుము దాక వచ్చెనా, కంఠము దాక వచ్చెనా యనునదే వారి కొలమానము. తల మునిగిన దినమున తీరమందలి భాండీ బజారులోను, సరాఫ్ బజారులోను దుకాణములు ఖాళీచేయుట తప్పదు. 2016, 2019 సంవత్సరముల ఆగస్టు వరదలలో అట్లే జరిగినది. మేము పోయిన ఉదయమున వాన సన్నగా, విడువక పడుచుండెను. ఇత్తడి బిందెలమ్ము వృద్ధుడొకడు దుకాణపు అరుగు మీదనే కూర్చుండి, ఘట్టము వైపు నుండి తడిసి వచ్చుచున్న పాలబ్బాయిని కేకవేసి అడిగెను. "మోకాళ్ళే కాకా, ఇంకా మోకాళ్ళే" అని ఆ పిల్లవాడు సైకిలు ఆపకయే బదులు చెప్పెను. వృద్ధుడు నిమ్మళముగా ఒక బిందెను తుడిచి మఱొక బిందెను చేతికెత్తుకొనెను. దుకాణములోని క్రింది వరుస మాత్రము అప్పటికే ఖాళీగా ఉండెను. పై బల్లల మీద సామాను రెట్టింపు పేర్చబడి యుండెను.

పంచవటిలో చూడదగినవి పెక్కు కలవు. వాని పట్టిక వ్రాయుట నా ఉద్దేశము కాదు. సీతాగుంఫలోనికి వంగి వంగి దిగువారి వరుస వానలోను తగ్గదు. శూర్పణఖ కథ చెప్పు మార్గదర్శకులు అడుగడుగున ఎదురగుదురు. నారోశంకర ఆలయమున వ్రేలాడు పెద్దగంట 1739లో మరాఠాలు పోర్చుగీసువారి చేతినుండి వసై కోటను గెలిచినప్పటి విజయచిహ్నము. వాన చప్పుడులో దానిని చూచుచు నిలిచినచో, క్రైస్తవదేవాలయమునకై పోతపోసిన లోహము శివుని గుమ్మమున కుదురుకొన్న తీరు చిత్రముగా తోచును. కాలారామ మందిరము మాత్రము వర్షమునకే కట్టిరా యనిపించును. నల్లరాతి గోడలు తడిసి నిగనిగలాడుచుండగా ఆవరణలో నిలిచినవారికి, ఇదే ద్వారము ముందు 1930 మార్చి 2న డాక్టర్ అంబేద్కరు నాయకత్వమున దళితులు ఆలయప్రవేశ సత్యాగ్రహమును ఆరంభించిరనియు, సంవత్సరముల తరబడి పోరాడినను ఆ తలుపులు వారికి తెఱువబడలేదనియు ఎవరేని గుర్తుచేయుట మంచిది. మాకు గుర్తుచేసినవారు లేరు. శూర్పణఖ ముక్కును గూర్చి మాత్రము ముగ్గురు చెప్పిరి.

ఇక ఆకలి సంగతి. నాసికలో ఉదయపు ఆహారమనగా మిసళ్. మట్కీ యను పప్పుధాన్యపు మొలకలను ఉడికించి, పైన శేవ్, పచ్చి ఉల్లిముక్కలు, కొత్తిమీర చల్లి, ప్రక్కన వేఱొక గిన్నెలో పొగలు గ్రక్కు రస్సాను పోసి, పావ్‌తో తెచ్చి ముందుంచుదురు. పుణెవారి మిసళ్ కొంత తీపి, కొల్హాపురపుది ఎఱ్ఱని మంట; నాసికది నలుపు. ఎండుకొబ్బరిని, ఉల్లిని నిప్పుల మీద దాదాపు మాడునంత వఱకు కాల్చి, గరంమసాలా దినుసులతో నూఱిన కాలా మసాలా దానికి ప్రాణము. నగరపు పొలిమేరలలో కట్టెలపొయ్యి మీదనే రస్సా కాచు భోజనశాలలు కలవు. రేకుల పందిరి మీద వాన దబదబ కొట్టుచుండగా, పొగకు కన్నులు మండుచుండగా, రస్సా మీద తేలు నూనెపొరను – వారు తర్రీ యందురు – గరిటెతో ప్రక్కకు త్రోయక పావ్‌ముక్కతోనే ముంచి తినువాడు నిజమైన నాసికవాసి. గుంటూరు కారమునకు అలవడిన నాలుక కూడ మొదటి గ్రుక్కకు ఒకింత వెనుదీయును. కారము నాలుక మీద కాక కొంచెము ఆలస్యముగా గొంతులో తగులును. ఆపైన చల్లని పెరుగును, కాల్చిన అప్పడమును, చివర జిలేబీని ఎందుకు తెత్తురో అప్పుడు బోధపడును. రస్సా ఎన్నిమాఱులడిగినను పోయుదురు. అడుగుటకు మొగమాటపడువాడు అచట అర్ధాకలితో లేవవలసినదే. రైలులో తినుటకు కొండాజీ చివడా పొట్లమును కూడ ఇచటనే కొనుట ఆచారము.

నాతో వచ్చిన మిత్రుడు ద్రాక్షరైతు కుమారుడు. హైదరాబాదు శివార్లలో ఒకప్పుడు పందిళ్ళనిండ అనాబెషాహీ గుత్తులు వ్రేలాడిన దినములలో ఆయన తండ్రిగారికి తోట యుండెను. నేడు ఆ స్థలమున బహుళాంతస్తుల గృహసముదాయము కలదు. కావున గంగాపురపు జలాశయమునకు పోవు దారిలో గోవర్ధన గ్రామము వద్ద తోటలు కనబడగనే ఆయన మాటలాడుట మానెను. అచట సూలా సంస్థవారి తోట ఉన్నది. రాజీవ్ సామంత్ అను ఆయన అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదివి, ఒరాకిల్ సంస్థలోని కొలువు విడిచి వచ్చి, తమ కుటుంబమునకు గల భూమిలో వైనుకు పనికివచ్చు ద్రాక్షను నాటి, 1999లో ఈ సంస్థను స్థాపించెను. తల్లి పేరు సులభ యగుటచే దానికి ఆ పేరు పెట్టెను. మఱుసటి యేడు మొదటి సీసాలు అంగడికెక్కెను. అంతకుముందు ఇచటి రైతులు పండించినది ఎక్కువగా తినుటకు పనికివచ్చు గింజలేని థామ్సన్ రకము. 2001లో రాష్ట్రప్రభుత్వము ద్రాక్షపరిశ్రమకు ప్రత్యేకవిధానమును ప్రకటించి పన్నులు తగ్గించిన పిమ్మట దిండోరి, ఇగత్‌పురి ప్రాంతములలో వైనుశాలలు పెరిగినవి. ఫ్రెంచి సంస్థయైన షాందోన్ కూడ దిండోరికి వచ్చి చేరెను.

తోటలోనికి పోయినవారికి మొదట నిరాశయే. కనుచూపుమేర తీగెలు, ఆకులు, ఆకుల నుండి జాఱు నీరు. ఒక్క పండు లేదు. చలిదేశములలో ద్రాక్షతీగె శీతకాలమున ఆకు రాల్చి నిద్రించును, వసంతమున మేల్కొనును, శరత్తున ఫలించును. మన ఉష్ణభూమిలో దానికి ఆ నిద్ర లేదు. మనిషియే కత్తెర పట్టి కాలజ్ఞానము నేర్పవలెను. కోత ముగిసిన పిదప ఏప్రిలులో ఒకమాఱు కత్తిరింతురు. దానిని అచటివారు ఖరడ్ ఛాట్ణీ యందురు. అప్పుడు మొలచిన కొమ్మలు వానకాలమంతయు ఎదిగి ముదురును. వానలు వెనుకబట్టిన తరువాత అక్టోబరులో రెండవమాఱు కత్తిరించినచో పూతపూసి, జనవరి మొదలు మార్చి వఱకు పంట చేతికి వచ్చును. అనగా వాన యెల్ల పండులేని తీగె మీదనే పడునట్లు ఏర్పాటు. సహ్యాద్రి వర్షమునకు ఎదురు నిలువలేమని తెలిసిన రైతు, దానికి దారి యిచ్చి తాను తొలగి నిలిచినాడు. ఆ ఒప్పందమును వాన సర్వదా పాటింపదు. కత్తిరింపుల తరువాత పూతమీద పడిన అకాలవర్షము, పండిన తోటమీద పడిన వడగండ్లు ఎన్ని కుటుంబములను అప్పుల పాలు చేసినవో అచటి రైతు నడిగిన చెప్పును.

మిత్రుడు గొడుగు నా చేతికిచ్చి, వరుస మధ్యకు పోయి, ఒక ఆకును తిరగవేసి చూచెను. పైని ఆకుపచ్చగా నిర్దోషముగా కనబడిన ఆ పత్రమునకు అడుగున ఈనెల నడుమ తెల్లని నూగు పట్టియుండెను. "బూజు తెగులు" అని ఆయన బొటనవ్రేలితో దానిని రాచి చూపెను. ముందటి వరుసలలోని ఆకులమీద నీలపుచారలు వాననీటికి కొంత కరిగి, కొంత మిగిలి యుండెను. మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమము అది. ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతపు రైతులు దారిప్రక్క తోటలలో పండ్లు దొంగిలించువారికి వెగటు పుట్టించుటకై ఈ నీలిద్రవమును ఆకుల మీద చల్లుచుండిరట; ఆ తీగెలకు మాత్రము తెగులు సోకకుండుట గమనించిన మిలార్దే అను వృక్షశాస్త్రజ్ఞుడు 1885లో దానిని లోకమునకు ప్రకటించెను. దొంగలకై చేసిన ఉపాయము సగము ప్రపంచపు తోటలను కాచినది. మా వెనుకనే వచ్చిన తోటపనివాడు ఆకును, మిత్రుని వ్రేళ్ళను మార్చి మార్చి చూచి, "తమరు బాగాయత్‌దారులా, సాహెబ్?" అని హిందీలో అడిగెను. "ఒకప్పుడు" అని ఈయన అనెను. ఆ మాటతో మేము యాత్రికులము కాకపోతిమి. పనివాడు మమ్ములను బురద లెక్కచేయక తోట చివర దాక త్రిప్పి, ఏ మడిలో నీరు నిలుచునో, ఏ ఏట ఎంత మందు కొట్టవలసి వచ్చెనో ఏకరువు పెట్టెను.

శాలలోని యంత్రములను గూర్చి వ్రాయుటకు విశేషము లేదు. ఉక్కుతొట్లు, చల్లదనము, పులిసిన వాసన. తెల్లవైనుకు రసము పిండి తొక్కను వేఱుచేయుదురు. ఎఱ్ఱవైనుకు తొక్కతోనే పులియనిత్తురు. రంగును, వగరును ఇచ్చునది ఆ తొక్కయే. రుచి చూచుటకు చిన్నచిన్న గాజుపాత్రలలో వరుసగా పోసి యిత్తురు. మన ఆలంకారికులు కవిత్వమును ద్రాక్షాపాకమనియు నారికేళపాకమనియు విభజించిరి. ద్రాక్షనుండియే రెండు పాకములును పుట్టునని వారు ఎఱుగరు. సోవిన్యోఁ బ్లాంక్ అనుదానిని ముక్కు దగ్గఱకు తెచ్చినంతనే, లేత పచ్చిమిరపకాయ తొడిమ తుంచినప్పటి పరిమళము సోకెను. నాలుకమీద అది పుల్లన, సన్నన. షెనిన్ బ్లాంక్ జామపండు వాసన గలది, ఇంచుక తీపిది. షిరాజ్ అను ఎఱ్ఱనిది గంభీరము. మిరియపు ఘాటు, గొంతు పట్టు వగరు, తొందరపడువానికి లొంగనిది. గైడు చెప్పిన వర్ణనలలో సగము నాకు అందలేదు. పొగాకు, తోలు, చాక్లెట్టు అని ఆయన వరుసగా పేర్కొనుచుండగా, తలయూపుటయే మర్యాద యని అందఱమును ఊపితిమి.

యాత్రాస్థలమున మద్యమేమని కినిసెడివారు ఉందురు. వారి మాటకు నేను విలువ నిత్తును. కాని ద్రాక్షను పండించు కుటుంబములే సోమవారము త్ర్యంబకేశ్వరునకు అభిషేకము చేయించుచుండుటయు చూచితిని. పంచవటికి తోటలు దూరముగనే ఉన్నవి. రెండింటి నడుమ హద్దును ఊరు తానే గీసికొన్నది.

ఆ రాత్రి భోజనమునకు జొన్నరొట్టె, శనగపిండితో చేయు పిఠ్లా, రోటిలో కచ్చాపచ్చాగా దంచిన పచ్చిమిర్చి వెల్లుల్లి ఠేచా దొరకినవి. వాన జోరందుకొని కరెంటు పోయెను. వసారాలోని పెట్రోమాక్సు వెలుగులో తోటనుండి తెచ్చిన సీసాలను విప్పితిమి. నేను గొప్పకు పోయి షిరాజ్ పోసికొంటిని. ఠేచా కారము మీద ఆ వగరు పడగనే నోరు రెండింతలు మండెను. వైను రుచియు పోయెను, ఠేచా రుచియు పోయెను. మిత్రుడు చల్లని షెనిన్ బ్లాంక్‌తో సుఖముగా భుజించుచుండెను. కారమునకు కొంచెము తీపి, కొంచెము పులుపు, చల్లదనము తోడుకావలె ననుట మజ్జిగ త్రాగు జాతికి వేఱుగ చెప్పనక్కరలేని పాఠము. ఎఱ్ఱవైనును విదేశీయుల కొలతలకు తగినట్లు మాంసముతో త్రాగవచ్చును. మన రోటిపచ్చళ్ళ ముందు అది నిలువదు. ఇది నా తీర్పు; నిపుణులు ఒప్పుకొనకపోయినను మార్చుకొనను.

మఱునాడు ముంబయి రహదారి ప్రక్కనున్న త్రిరశ్మి కొండ నెక్కితిమి. పాండవ లేణీ యను పేరేగాని పాండవులతో దానికి సంబంధము లేదు, ఇరువదినాలుగు బౌద్ధగుహలవి. మెట్లవెంట నీరు పాయలుగా దిగుచుండెను. మూడవ గుహలో గౌతమీ బలశ్రీ వేయించిన శాసనము కలదు. కుమారుడు గౌతమీపుత్ర శాతకర్ణి క్షహరాతవంశమును నిర్మూలించెననియు, అతని గుఱ్ఱములు మూడు సముద్రముల నీరు త్రాగెననియు ఆ తల్లి రాతిమీద చెప్పుకొన్నది, మనుమడు పులుమావి ఏలుచుండగా. ఆ విజయమునకు మఱొక సాక్ష్యము ఈ జిల్లాలోనే జోగల్‌తేంభి యను ఊర 1906లో దొరకిన నిధి. అందలి 13,000కు పైబడిన, క్షహరాతరాజైన నహపాణుని వెండినాణెములలో అధికభాగము మీద గౌతమీపుత్రుడు తన ముద్రను తిరిగి కొట్టించెను. శాతవాహనులు మనవారని చెప్పుకొను తెలుగువారు ఇచట కొంతసేపు నిలువక మానరు.

నన్ను ఆకర్షించినది మాత్రము గెలిచినవాని శాసనము కాదు, ఓడినవాని అల్లునిది. పదవ గుహను తొలిపించినవాడు నహపాణుని అల్లుడు ఉషవదాతుడు. బౌద్ధభిక్షువులు ఏడాదిలో తక్కిన దినములు సంచరించినను వానకాలమున ఒకచోట స్థిరముగా వసింపవలెను గదా. ఆ వర్షావాసమునకే ఈ గుహ. గుహ నిచ్చి ఊరకుండక, వసించువారి ఖర్చులకై అతడు 3,000 కార్షాపణములను గోవర్ధనములోని సాలెవారి శ్రేణులలో శాశ్వతముగా నిలువ ఉంచెను. ఆ గోవర్ధనము నేటి ద్రాక్షతోటల గోవర్ధనమే యని పండితులు గుర్తించిరి. అసలును తిరిగి తీసికొనరాదు; వడ్డీ మాత్రమే అనుభవింపవలెను. 2,000 కార్షాపణములు నూటికి నెలకు ఒకటి చొప్పున ఒక శ్రేణివద్ద, 1,000 ముప్పావు చొప్పున మఱొక శ్రేణివద్ద. మొదటిదానిపై వచ్చు ఆదాయములో, వానకాలము గుహలో గడపు ఇరువదిమంది భిక్షువులకు ఒక్కొక్కరికి 12 కార్షాపణములు బట్టలకు; రెండవదానిది చిల్లరఖర్చులకు.

గుహ గుమ్మమున వాన తగ్గుటకై నిలిచినప్పుడు మిత్రుడు వ్రేళ్ళమీద లెక్కవేసెను. రూపాయి వడ్డీకి రెండువేలమీద ఏడాదికి 240, ఇరువది పండ్రెండ్లు 240, సరిగా సరిపోయినది. వెయ్యిమీద ముప్పావలా వడ్డీ లెక్కన 90. రైతుబిడ్డ గనుక అంతటితో ఆగలేదు.

"సాలెవాళ్ళు గట్టివాళ్ళోయ్," అనెను. "ముప్పావలా వడ్డీకి ఇప్పుడు ఏ బ్యాంకువాడిస్తాడు?"